నీళ్లు ఎటు పారితే తుప్పు అటు

తగరపువలసలో జాతీయ రహదారి వదిలి భీమిలి వైపు తిరిగితే సముద్రం ఐదారు కిలోమీటర్లే. ఆ కాస్త దూరంలోనే ఇనుము ఆయుష్షు మారిపోతుంది. తగరపువలసలో కిటికీ గ్రిల్‌కు రెడ్ ఆక్సైడ్ కొట్టించి పైన ఎనామిల్ వేయిస్తే కొన్నేళ్లపాటు దాని జోలికి పోనక్కర్లేదు. అదే గ్రిల్‌ను భీమిలిలో అలలు వినపడే ఇంటికి బిగించి చూడండి. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి వెల్డింగు అతుకుల దగ్గర రంగు పొక్కుతుంది. పొక్కు పగులుతుంది. పగిలిన చోటు నుంచి గోడ సున్నం మీదకు గోధుమరంగు చార ఒకటి దిగుతుంది.

ఇంటివాళ్లకు ఆ చార తలనొప్పి. దాన్నే అచ్చు గుద్దినట్టు వేయడానికి గంటలు గంటలు కూర్చునేవాళ్లు కొందరున్నారు. ఓడలు, ట్యాంకులు, విమానాలు, రైలు పెట్టెలు వంటివాటికి చిన్న నమూనాలు కట్టే అభిరుచి అది. కట్టడం సగం పనే. కట్టిన ప్లాస్టిక్ ఓడ అప్పుడే షోరూమ్‌లోంచి వచ్చినట్టు నిగనిగలాడుతుంటే ఎవరూ నమ్మరు. అది ఎండకు వెలిసి, వానకు తడిసి, ఉప్పుగాలికి తుప్పెక్కినట్టు కనబడాలి. ఈ పనికి వాళ్లలో వాడుక మాట వెదరింగ్. మన సినిమా కళా దర్శకులకు ఇది కొత్తేమీ కాదు. 1957లో ‘మాయాబజార్’ కోసం మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళా విభాగం వాహినీ స్టూడియోలో ద్వారకా నగరాన్ని చిన్న నమూనాగా కట్టి నిలబెట్టింది. కాకపోతే ద్వారక కళకళలాడాలి, తుప్పెక్కకూడదు. తుప్పు వేయడం దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచే విద్య.

ఆ విద్యలో మొదటి పాఠం విశాఖ బీచ్ రోడ్డు మీదే ఉంది. రామకృష్ణా బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి, దాని ఎదుట రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. కురుసుర 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 ఆగస్టులో మ్యూజియం అయింది. టీయూ-142 2017లో రిటైరై ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ మ్యూజియం అయింది. రెంటికీ ఒకే గాలి, ఒకే ఉప్పు, ఒకే ఎండ. ఒకటి ఉక్కు, రెండోది చాలామటుకు అల్యూమినియం మిశ్రమలోహం. అల్యూమినియానికి గాలి తగలగానే పైన పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి, గట్టిగా అంటుకుపోయి, లోపలి లోహాన్ని కాస్తుంది. ఉప్పు దాన్ని గుచ్చి గుచ్చి గుంటలు చేస్తుంది కానీ, అక్కడ పుట్టేది తెల్లటి పొడి. ఎర్రటి తుప్పు కాదు. కొత్తగా రంగులు పట్టినవాళ్లు విమానం రెక్కల మీద కూడా ఉత్సాహంగా నారింజరంగు చుక్కలు పెట్టేస్తారు. చూసినవాడు లోహశాస్త్రం చదువుకుని ఉండనక్కర్లేదు. ఎక్కడో తేడా కొడుతోందని అతని కంటికి తెలిసిపోతుంది. టీయూ-142 నమూనాకు తుప్పు వేయాల్సివస్తే చక్రాల కాళ్ల దగ్గర, ఉక్కు మరల దగ్గర కాస్త. మిగతాదంతా వెలిసిన రంగు, టర్బోప్రాప్ ఇంజన్ల వెనక పొగమసి.

ఇక అసలు తుప్పు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు అని బడిలో చెప్పారు. రంగులు వేసేవాడికి అది చాలదు. ఇనుము కరిగే చోటు, తుప్పు కనబడే చోటు ఒకటి కావు. దీన్ని అందంగా చూపించినవాడు కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్. శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేస్తారు. అందులో ముందే రెండు సూచక రసాయనాలు కలుపుతారు. ఇనుము కరుగుతున్న చోట ఒకటి నీలం తిరుగుతుంది, క్షారం పుట్టిన చోట రెండోది గులాబీ తిరుగుతుంది. మొదట బొట్టంతా అక్కడక్కడా చుక్కలు. కాసేపటికి బొట్టు నడిమధ్య నీలం చేరుతుంది, అంచు చుట్టూ గులాబీ వలయం కడుతుంది. అంచు దగ్గర నీటిపొర పల్చన. గాలిలోని ఆక్సిజన్ అక్కడికి తేలిగ్గా చేరుతుంది, ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. మధ్యలో ఆక్సిజన్ కరువు. అక్కడి ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరిగిపోతుంటుంది. కరిగిన ఇనుము మధ్య నుంచి, క్షారం అంచు నుంచి బయల్దేరి దారిలో కలుసుకున్న చోట గోధుమరంగు వలయం పడుతుంది. అదే తుప్పు. ఒక్క నీటి బొట్టులో ఒక బ్యాటరీ నడుస్తోందన్నమాట.

గోడ మీది చారకు అర్థం ఇక్కడే దొరుకుతుంది. మొదట కరిగేది ఫెర్రస్ రూపంలోని ఇనుము. అది నీళ్లతో పాటు ప్రయాణం చేస్తుంది. దారిలో ఆక్సిజన్ తగిలి ఫెర్రిక్‌గా మారాక ఇక కరగదు, ఉన్నచోటే మరకై కూర్చుంటుంది. బోల్టు పైనెక్కడో ఉంటుంది, మరక జానెడు కింద వరకూ సాగుతుంది. అందుకే తుప్పు వేయబోయే ముందు బొమ్మను చేతిలో పట్టుకుని వేసుకోవాల్సిన ప్రశ్న ఏ రంగు అన్నది కాదు, ఇక్కడ వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎటు జారతాయి అన్నది. నాకు తెలిసి ఈ ఒక్క ప్రశ్న పట్టుబడితే మిగతా కిటుకులన్నీ వాటంతటవే దారికొస్తాయి.

రంగుల సంగతీ చెప్పాలి, ఎందుకంటే తుప్పు ఒకే పదార్థం కాదు. కొత్త తుప్పులోని నిగారించే నారింజ రంగు లెపిడోక్రోసైట్ అనే ఖనిజానిది. రోజులు గడిచేకొద్దీ అది గోథైట్‌గా మారుతుంది. జర్మన్ కవి గోథే పేరు పెట్టిన ఖనిజమిది, పసుపు కలిసిన గోధుమరంగు. ఆక్సిజన్ సరిగా అందని అడుగు పొరల్లో నల్లటి మాగ్నటైట్ ఉంటుంది. ఉప్పు దండిగా తగిలే తీరాల్లో వీటికి తోడు క్లోరైడ్‌ను కడుపులో దాచుకునే అకగనైట్ చేరుతుంది. క్లోరైడ్ లోపలే ఉండిపోవడం వల్ల, పైపైన గోకి రంగు వేసినా తుప్పు మళ్లీ లేస్తుంది. భీమిలి గ్రిల్‌కు ఎన్నిసార్లు పెయింటింగ్ చేయించినా ఆగకపోవడానికి ఇదొక కారణం. మొత్తానికి పాత తుప్పు ముదురు, దాదాపు నలుపు. కొత్త తుప్పు నారింజ. పాతదాని మీదే కొత్తది పుడుతుంది కనుక బొమ్మ మీద కూడా ముదురు గోధుమతో మొదలుపెట్టి, నారింజను ఆఖర్న, అదీ పొదుపుగా వేయాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు. అప్పుడు ఓడ తుప్పు పట్టినట్టు ఉండదు, నారింజ రంగు వేయించుకున్నట్టు ఉంటుంది.

తుప్పు పొంగడం కూడా ముఖ్యమే. కరిగిన ఇనుము కంటే దాన్నుంచి పుట్టిన తుప్పు రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే రంగు పూరీలా పొంగి పెచ్చులూడుతుంది. స్లాబు లోపలి చువ్వ తుప్పెక్కితే కాంక్రీటు పగిలి ఊడిపడేదీ ఇందుకే.

మరి భీమిలికి, తగరపువలసకు మధ్య ఏం మారింది? అల విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో ఎండి ఉప్పు రేణువులవుతుంది. పెద్ద రేణువులు ఒడ్డు దాటిన కొన్ని వందల మీటర్లలోనే రాలిపోతాయి. లోపలికి పోయేకొద్దీ ఉప్పు చాలా వేగంగా తగ్గుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితేనే ఇనుము మీద కంటికి కనబడని నీటిపొర కట్టి తుప్పు జోరందుకుంటుంది. విశాఖ తీరంలో ఏడాదిలో చాలా రోజులు 70 దాటే ఉంటుంది. పైగా ఉప్పు తేమను లాక్కుంటుంది. మామూలు ఉప్పు 75 శాతం తేమ దగ్గర తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. అంటే సముద్రం ఒడ్డు ఇనుముకు వాన అక్కర్లేదు, ఎండాకాలం రాత్రి చాలు. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశంలో చాలాచోట్ల లోహపు పలకలను ఆరుబయట పెట్టి, అవెంత అరిగాయో కొలిచి, దేశానికి ఒక తుప్పు పటం తయారుచేసింది. అందులో తీరప్రాంతాల వరస ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

విశాఖలో చదువుకోవడానికి ఒక ఓడే ఒడ్డెక్కి వచ్చింది. 2020 అక్టోబరులో వాయుగుండం తాకిడికి లంగరు నిలవక, బంగ్లాదేశ్‌కు చెందిన ‘ఎంవీ మా’ అనే సరుకు ఓడ తెన్నేటి పార్కు కింద రాళ్లలోకి కొట్టుకొచ్చింది. సుమారు 80 మీటర్ల పొడవు. అందులోని పదిహేను మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. తర్వాత దాన్ని హోటల్‌గా మారుస్తామన్నారు. జనం సెల్ఫీలు దిగారు. నమూనాలు కట్టేవాడికి మాత్రం ఒడ్డున ఉన్న ఇలాంటి ఓడ తెరిచిన పుస్తకం. ఎక్కడెక్కడ చదవాలో చెబుతాను.

ఓడ పక్కన తుప్పు ఎక్కువగా ఉండేది నీళ్లలో మునిగిన భాగంలో కాదు. అక్కడ ఆక్సిజన్ తక్కువ. బాగా ఎత్తులో ఉన్న భాగంలోనూ కాదు. అల తుంపర పదేపదే తడిపి, మళ్లీ ఎండిపోయే నడుం పట్టీలో. నీరూ గాలీ రెండూ సమృద్ధిగా దొరికేది అక్కడే. విశాఖలో ఆటుపోట్ల తేడా దాదాపు మీటరున్నర. 1/350 కొలతలో, అంటే అసలుదానిలో 350వ వంతు సైజు నమూనా మీద, అది నాలుగు మిల్లీమీటర్ల పట్టీ. తుప్పు బాగా చిక్కగా వేయాల్సింది ఆ పట్టీకి కాస్త పైన. తర్వాత లంగరు గొలుసు బయటికొచ్చే కన్నం. గొలుసు రాసుకుని అక్కడ రంగు ఉండదు. దాని కిందుగా పొడుగాటి చార. డెక్ మీది నీళ్లు బయటికి పోయే తూముల కింద చారలు. ప్లేట్లు కలిసే వెల్డింగు గీతలు. రంగు పల్చగా పడే అంచులు, మూలలు.

ఇంకొక సంగతి ఉంది. ఓడ తేలుతున్నప్పుడు పడిన చారలు దాని గోడకు నిట్టనిలువుగా ఉంటాయి. ఒడ్డెక్కి పక్కకు ఒరిగాక పడేవి భూమికి నిట్టనిలువుగా ఉంటాయి. ఒరిగిన ఓడ ముందు కొస దగ్గరో వెనక కొస దగ్గరో ఈ రెండు రకాల చారలూ ఒకదాన్నొకటి కోస్తాయి. పాతవి వెలిసి, కొత్తవి పదునుగా. వెదరింగ్ చేసేవాడు అది గమనించి వేశాడంటే చూసేవాడికి ఎవరూ చెప్పకుండానే కథ తెలుస్తుంది. ఈ ఓడ ఒకప్పుడు నిటారుగా ఉండేది, ఇప్పుడు ఒరిగింది. అలాగే ఓడ అడుగున కనిపించే ఎరుపును చూసి తుప్పనుకోకూడదు. నత్తగుల్లలు, నాచు పట్టకుండా వేసే పూతల్లో రాగి ఆక్సైడ్ ఎక్కువగా వాడతారు, దానిదే ఆ ఎరుపు. తుప్పు దాని మీద వేరే రంగుగా కనబడాలి.

విశాఖలో ఎర్రగా కనబడేదంతా తుప్పు కాదు మరి. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా రేవుకు దిగే ఇనుప ఖనిజాన్ని చూడండి. వ్యాగన్లు, కన్వేయర్లు, రేవు పక్క చెట్ల ఆకులు అన్నిటి మీదా ఎర్రటి ధూళే. అది హెమటైట్. ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం, రసాయనంగా తుప్పుకు దగ్గరి చుట్టం. కానీ తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది, ధూళి పైనుంచి వచ్చి పడుతుంది. తుప్పు అతుకులు, పగుళ్లు వెతుక్కుంటుంది. ధూళి బల్లపరుపుగా ఉన్న ప్రతిదాని మీదా కూర్చుంటుంది. ఖనిజం వ్యాగన్ నమూనాకు ఈ రెండూ వేయాలి, వేర్వేరు పద్ధతుల్లో. తుప్పును తడి రంగుతో, ధూళిని పొడి రంగుతో. రెండూ కలిపి ఒకే కుంచెతో పులిమేస్తే ఏదీ కాకుండా పోతుంది.

ఆ పొడి రంగు డబ్బా మీద తుప్పు అని రాసి అమ్ముతారు కదా, లోపల ఉండేది ఏమిటి? ఐరన్ ఆక్సైడే. తుప్పు బొమ్మకు వేసే రంగు తుప్పుజాతి పదార్థమే. బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, యెల్లో ఓకర్ అని ఆర్టు షాపులో దొరికే ట్యూబులన్నీ ఇనుము కలిసిన మట్టి రంగుల కుటుంబమే. పసుపు మట్టిలో ఉండేది గోథైట్. దాన్ని రెండు మూడు వందల డిగ్రీల వేడిలో కాలిస్తే నీరు వదిలి ఎర్రటి హెమటైట్ అవుతుంది. కాల్చిన సియెన్నా అన్న పేరు వచ్చింది అలాగే. రేణువు సైజు మారినా రంగు మారుతుంది. మిల్లీమీటరులో పదివేలో వంతు ఉన్న హెమటైట్ నారింజవైపు మొగ్గుతుంది, వెయ్యో వంతుకు పెరిగితే ఊదా జీర వస్తుంది. గుమ్మాలకు పూసే ఎర్రమట్టి, నేలకు వేసే రెడ్ ఆక్సైడ్, కావి బట్ట రంగు అన్నీ ఈ గోత్రమే. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కూడా. తీరపు ఇసుక రేణువులకు వేల ఏళ్లపాటు ఐరన్ ఆక్సైడ్ పూత పట్టి ఆ రంగొచ్చింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం అది. కాబట్టి బొమ్మకు రంగు కావాలని అక్కడి మట్టి పిడికెడు కూడా తేవద్దు. అయినా ఇసుక మీది పూత బొమ్మకు పనికిరాదు, రేణువు మరీ లావు.

ఒకవైపు గాజువాకలో ఉక్కు కర్మాగారం. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఖనిజంలోని ఆక్సిజన్‌ను కోక్‌తో ఊడబెరికి ఇనుము తీస్తారు. ఇంకోవైపు సముద్రం, ఊడబెరికిన ఆక్సిజన్‌ను రోజూ మళ్లీ అతికిస్తుంటుంది. ఈ రెంటికీ మధ్యలో రెడ్ ఆక్సైడ్ డబ్బా పట్టుకుని మనం.

ఇప్పుడు పని బల్ల దగ్గరికి. 1/350 కొలతలో కురుసుర చేస్తే 26 సెంటీమీటర్లు వస్తుంది. అసలుది 91 మీటర్లు. బొమ్మను ముఖానికి ముప్పై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూస్తే, లెక్క ప్రకారం అసలుదాన్ని 105 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అంత దూరం నుంచి బోల్టు తల కనబడదు. పొక్కు కనబడదు. కనబడేవి రంగు వెలిసిన తీరు, చారలు, తుప్పు పట్టీ. బొమ్మ మీద ఒక్క మిల్లీమీటరు మరక అసలు ఓడ మీద 35 సెంటీమీటర్ల మరక. అదే 1/35 కొలత ట్యాంకైతే పదిన్నర మీటర్ల దూరం. అక్కడ పెచ్చులూ పొక్కులూ చూపించవచ్చు, చూపించాలి కూడా. కొలతను బట్టి ఏది వదిలేయాలో తేల్చుకోవడమే ఇందులో కష్టమైన పని. చేతిపని దాని తర్వాతే.

కొలత తగ్గితే అన్నీ తగ్గవన్నది ఓడల ఇంజనీర్లకు బాగా తెలుసు. విశాఖలోని నావికా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో అర కిలోమీటరు పొడవున్న నీటి తొట్టి ఉంది. ఓడల నమూనాలను అందులో లాగి, వాటికి నీరు ఎంత అడ్డుపడుతోందో కొలుస్తారు. అలల లెక్క నమూనాకూ ఓడకూ కుదిరితే నీటి జిగట లెక్క కుదరదు. దాన్ని వేరే సూత్రాలతో సరిచేయాలి. రంగులు వేసేవాడికీ అదే చిక్కు. నీటి తలతన్యత బొమ్మ కోసం తగ్గదు. 1/350 ఓడ మీద పడ్డ రంగునీటి బొట్టు అసలు కొలతలో చిన్న గదంత మడుగు. అదృష్టం ఏమిటంటే ఈ చిక్కే మనకు పనిముట్టు కూడా అవుతుంది.

పల్చగా కలిపిన ముదురు రంగునీళ్లను బొమ్మ మీద తాకిస్తే, అవి కేశికత్వం వల్ల ప్లేట్ల సందుల్లోకి, రివెట్ల చుట్టూ వాటంతటవే పరుగెత్తి స్థిరపడతాయి. దీన్నే వాష్ అంటారు. కింద నున్నటి వార్నీషు ఉంటే ఇది చక్కగా జరుగుతుంది. గరుకుగా ఉంటే రంగు ఉన్నచోటే పీల్చుకుని మరకలవుతుంది. ఇక ఆ బొట్టు ఎండేటప్పుడు జరిగేది మరీ ముచ్చట. బల్ల మీద ఒలికిన కాఫీ ఎండితే అంచున ముదురు వలయం మిగులుతుంది కదా, దాని వెనక ఉన్న భౌతికశాస్త్రాన్ని రాబర్ట్ డీగన్, సిడ్నీ నేగెల్ బృందం షికాగోలో తేల్చి 1997లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. బొట్టు అంచు బల్లకు అంటుకుని కదలదు. ఆవిరి అంచు దగ్గరే ఎక్కువ. ఆ లోటు తీర్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతుంది, రేణువులను వెంట మోసుకుపోతుంది. డెక్ మీద నీరు నిలిచి ఎండిన మరకలకు మామూలు వాష్ కంటే ఈ వలయం బాగా పనికొస్తుంది. బొట్టు పెట్టి ఊరకే వదిలేస్తే సరి. ఎవాన్స్ బొట్టుకూ దీనికీ రసాయనంలో సంబంధం లేదు. కానీ కంటికి రెండూ ఒకటే ఆకారం, బొమ్మకు కావలసింది అంతే.

రంగు ఊడి తుప్పు బయటపడ్డ చోటు చూపించడానికి హెయిర్ స్ప్రే కిటుకు ఉంది. మొదట బొమ్మంతా తుప్పు రంగులు వేస్తారు. మచ్చలు మచ్చలుగా, ముదురు మీద లేత. దాన్ని వార్నీషుతో కట్టేస్తారు. ఆరాక హెయిర్ స్ప్రే రెండు పూతలు. దాని పైన ఓడ అసలు రంగు, నీళ్లతో పల్చన చేసిన ఏక్రిలిక్‌ను సన్నగా. అది ఆరిన కొద్ది సేపటికే కుంచె తడిపి ఒక అంచు మీద తాకించి ఆగాలి. నీరు రంగుపొర సందుల్లోంచి దిగి కింది హెయిర్ స్ప్రేను మెత్తబరుస్తుంది. అందులోని జిగురు నీళ్లలో కరిగే రకం. అప్పుడు గట్టి వెంట్రుకల కుంచెతోనో టూత్‌పిక్‌తోనో మెల్లగా గోకితే పైరంగు చిన్న చిన్న పెచ్చులుగా లేస్తుంది, కింద ముందే వేసి ఉంచిన తుప్పు బయటపడుతుంది. అసలు ఓడ మీద జరిగే క్రమమే ఇది. పట్టు అడుగున సడలి, పైపూత ఊడిపోవడం. అందుకే గీతలు గీసి చేసిన పెచ్చుల కంటే ఇలా ఊడినవి సహజంగా ఉంటాయి. మరీ ఆలస్యం చేస్తే ఏక్రిలిక్ బిగుసుకుపోయి ఊడదు, తొందరపడితే దుప్పటి లాగినట్టు మొత్తం వచ్చేస్తుంది.

హెయిర్ స్ప్రే బదులు ఉప్పు. తుప్పు రంగు వేసిన బొమ్మను తడిపి, ఉప్పు చల్లి, ఆరనిచ్చి, పైన రంగు కొట్టి, తర్వాత ఉప్పును రుద్ది రాల్చేస్తారు. ఉప్పు ఉన్న చోటల్లా రంగు పడదు. ఇనుమును తినే ఉప్పే తుప్పు బొమ్మకూ అచ్చు వేయడం చూస్తే నవ్వొస్తుంది. కల్లుప్పు మాత్రం వద్దు. మెత్తటి టేబుల్ సాల్ట్ పలుకు కూడా మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. అంటే 1/350లో పది సెంటీమీటర్ల పైన. ట్యాంకులకు, లారీలకు బాగుంటుంది, ఓడలకు ఎబ్బెట్టు. ఇంకా చిన్న పెచ్చులకు పార్సిల్‌లో వచ్చే ఫోమ్ ముక్క చింపి, ముదురు గోధుమలో అద్ది, కాగితం మీద చాలామటుకు తుడిచేసి, అంచుల మీద తాకిస్తే సరిపోతుంది.

చారలకు ఆయిల్ పెయింట్‌ను మించింది లేదు. విదేశీ తుప్పు సెట్లు వేలు పోసి తెప్పించుకోనక్కర్లేదు, కామెల్ బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్ ట్యూబులు రెండు చాలు. అట్టముక్క మీద రంగు పెట్టి కొంచెంసేపు వదిలితే ఎక్కువైన నూనెను అట్ట పీల్చుకుంటుంది. తూము కింద సూదిమొనంత చుక్క పెట్టండి. బల్లపరుపు కుంచెను టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకు దాదాపు పొడిగా తుడిచి, చుక్క నుంచి కిందకు ఒక్కసారి లాగండి. మళ్లీ తుడిచి, మళ్లీ లాగండి. పైన చిక్కగా, కిందకు పోయేకొద్దీ పల్చబడి కనిపించకుండా పోవాలి. కరిగిన ఇనుము దారిలో రాలుకుంటూ పోతుంది కనుక అసలు చార కూడా అలాగే ఉంటుంది. చుక్కలన్నీ ఒకే పొడవు చారలు కాకూడదు. కొన్నిటిని పూర్తిగా తుడిచేయడానికి మనసు రావాలి.

నిజం తుప్పే వాడొచ్చు కదా అని ప్రతివాడికీ ఒకనాడు ఆలోచన వస్తుంది. ఉక్కుపీచు వెనిగర్‌లో నానబెడితే కరిగిన ఇనుము గాలి తగిలి గోధుమ తిరుగుతుంది, పూయవచ్చు. వంటింటి స్టీల్ స్క్రబ్బర్‌తో ప్రయత్నించి లాభం లేదు. అది స్టెయిన్‌లెస్, అందులోని క్రోమియం అంత తేలిగ్గా కరగనివ్వదు. ఇనుప పొడి కలిసిన రంగులు కూడా దొరుకుతాయి, పైన ఆమ్లం చల్లితే నిజంగానే తుప్పెక్కుతాయి. అరచేయంత లోహపు గేటు బొమ్మకు ఇవి అద్భుతం. 1/350 ఓడ మీద మాత్రం నిజమైన తుప్పు అబద్ధంలా కనబడుతుంది. దాని గరుకుదనం కొలతతో పాటు తగ్గలేదు మరి. పైగా వెనిగర్ మిగిలిపోతే బొమ్మలోని లోహపు భాగాలను నిజంగానే తింటూ పోతుంది.

చివరగా రేకుల షెడ్డు గురించి. ఉత్తరాంధ్రలో మూతపడిన మిల్లు బొమ్మ ఎవరైనా చేస్తే తప్పకుండా వచ్చే భాగమిది. 2009లో లాకౌట్ పడిన చిట్టివలస జూట్ మిల్లు పక్కనే ఉండగా తగరపువలసవాళ్లు దూరం వెళ్లి చూడాల్సిన పని లేదు. జింకు పూసిన రేకు ఉక్కు రేకులా తుప్పు పట్టదు. ముందు జింకు తాను తెల్లటి పొడిగా అరిగిపోతూ, పక్కనే బయటపడ్డ ఇనుమును కూడా కొంతకాలం కాస్తుంది. అందుకే మొదట వేయాల్సింది మెరుపు చచ్చిన బూడిదరంగు, దాని మీద అక్కడక్కడా పాలిపోయిన తెలుపు. ఎరుపు తర్వాత. అదీ కోసిన అంచుల దగ్గర, మేకుల చుట్టూ, ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కి వాననీరు రోజుల తరబడి ఆరని ఆ సందుల్లోంచి మొదలవ్వాలి. పక్కపక్కన ఉన్న రెండు రేకులు ఒకేలా తుప్పెక్కవు, మధ్యలో ఎప్పుడో మార్చిన కొత్త రేకు ఒకటి తప్పకుండా ఉంటుంది. పొడి రంగులు చల్లేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఫ్యాను ఆపండి. మొత్తం పని అయ్యాక మ్యాట్ వార్నీషు కొడితే పొడి రంగు సగానికి సగం ముదిరిపోతుంది, కాబట్టి వార్నీషు ముందు కొట్టి పొడిని ఆఖర్న అద్ది, ఆ బొమ్మను ఇక వేళ్లతో తాకకుండా అద్దాల పెట్టెలో పెట్టేయడం మంచిది.